మూడో రోజు చీటీ

మంగళవారం పొద్దున మొదటి షిఫ్టు హాజరు ముగించి టీ కోసం చూస్తున్నాను. టీకి బదులు బాలమణి వచ్చింది. మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే మనిషి. టైమాఫీసు కిటికీ దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సార్, చాచా ఇగ లేడంట" అంది. "తెల్లారంగ పానం పోయిందంట. బిడ్డ ఫోన్ జేసింది."

"ఏ చాచా?" అన్నాను.

మా ఫ్యాక్టరీలో ఉన్నది ఒక్కడే చాచా. ఆ సంగతి నాకూ తెలుసు. ఇంకెవరైనా అయితే బాగుండునని అలా అడిగాను కాబోలు. బాలమణి కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడి ఏడ్చింది. హాజరు పుస్తకం తెరిచి ఉంది. అందులో చాచా గడిలో నాలుగు రోజుల నుంచి నేనే ఎర్ర సిరాతో గైర్హాజరు వేస్తున్నాను.

మీకు ఆయన తెలియదు. పత్రికలో ఫోటో పడే మనిషి కాదు. పటాన్‌చెరు దాటాక వరసగా వచ్చే ఫ్యాక్టరీల్లో ఒకదానిలో పంతొమ్మిదేళ్లు వంట చేశాడు. కాపురం చిట్కుల్‌లో. మేనేజరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ చాచానే. హాజరు పుస్తకంలో ఆయనకో పేరు ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. రాస్తే ఇంకెవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది.

అన్నానికి వచ్చేవాళ్లు క్యాంటీన్ ముందు తలుపు నుంచి వచ్చేవారు. పన్నునొప్పితో వచ్చేవాళ్లు వెనక తలుపు నుంచి. చెంప పట్టుకుని వెనక్కి నడిచే మనిషి కనబడితే ఎక్కడికని ఎవరూ అడిగేవారు కాదు. చాచా వాళ్లను ఎండకు ఎదురుగా నిలబెట్టి, నోరు తెరిపించి, గరిటె కాడతో చెంప పక్కకు జరిపి చూసేవాడు. నోట్లోంచి తంబాకు వాసన వస్తే ముందు తిట్లు, తర్వాతే మందు. ఒడిశా నుంచి వచ్చినవాళ్లకు హిందీలో, బాలమణి లాంటివాళ్లకు తెలుగులో, నాలాంటివాళ్లకు కాస్త మర్యాద కలిపిన తెలుగులో తిట్టేవాడు.

మందంటే పెద్దగా ఏమీ లేదు. రెండు లవంగాలు కచ్చాపచ్చాగా దంచి, నువ్వుల నూనె చుక్కతో తడిపి, చిటికెడు దూదిలో పెట్టి ఇచ్చేవాడు. "పంటి మీద పెట్టి మెల్లగ నోరు మూసుకో. నమలకు. చిగురుకు తాకితే మండుతది" అనేవాడు. దానికి ముందు గోరువెచ్చటి ఉప్పునీళ్లతో పుక్కిలించాల్సిందే. చిగుళ్లు వాచిన వాళ్లకు జామాకుల కషాయం. క్యాంటీన్ వెనక ఒక జామచెట్టు ఉంది, దాని కాయలకంటే ఆకులకే గిరాకీ ఎక్కువ. చేతికందే కొమ్మలు ఎప్పుడు చూసినా బోడిగానే ఉండేవి. మరీ మొండి నొప్పి అయితే సంగారెడ్డి పాత బజారులో మూలికల దుకాణం నుంచి తెచ్చుకున్న అక్కలకర్ర ముక్క ఒకటి డబ్బా అడుగు నుంచి తీసేవాడు. దాన్ని కొరికితే నాలుక తిమ్మిరెక్కి, నోరంతా నీళ్లూరి, నొప్పి ఎక్కడుందో కాసేపు మరిచిపోతాం.

ఒక ఫిట్టరు ఎవరో చెప్పారని వెల్లుల్లి దంచి చెంప మీద కట్టుకుని పడుకున్నాడు. పొద్దున్నకు చెంప బొబ్బలెక్కింది. చాచా ఆ చెంపను చూసి ఎంతసేపు నవ్వాడో, అంతసేపు దాని మీద చల్లటి నీళ్ల గుడ్డ అద్దుతూనే ఉన్నాడు. "ఎల్లిగడ్డ కూరలకు బిడ్డా, మొఖానికి కాదు" అన్నాడు.

మా అమ్మకు కూడా ఒక వైద్యం వచ్చు. మాది గుంటూరు వైపు. నాన్నకు ఇక్కడ ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వస్తే, అమ్మ సామానుతో పాటు తన చిట్కాలన్నీ మూటగట్టుకుని వచ్చింది. నేలములక గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ పంటికి పట్టిస్తే పురుగులు రాలి పడతాయని ఆమె నమ్మకం. చాచా గొప్ప విని, "మీ వంటాయనకు ఇది చెప్పు" అని ఎండిన కాయలు పొట్లం కట్టి పంపింది. చాచా ఆ పొట్లాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. "అమ్మకు నా సలాం జెప్పుండ్రి సార్. పన్నుల పురుగు లేదు గిరుగు లేదు. పొగకు నోట్లె నీళ్లూరి జెర హల్కా అనిపిస్తది గావచ్చు. గని ఈ ముచ్చట అమ్మతోని అనకుండ్రి" అన్నాడు. నేను ఇంటికెళ్లి చాచా చాలా సంతోషించాడని మాత్రం చెప్పాను. అమ్మ పోయేదాకా ఆయన్ని తన శిష్యుడిలాగే లెక్కేసుకుంది.

ఇంతవరకు అయితే ఆయన చిట్కాలు తెలిసిన మంచి వంటవాడు, అంతే. ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. ఎవరు వచ్చినా కాగితంలో నాలుగే లవంగాలు చుట్టి ఇచ్చేవాడు. ఇవ్వాళ రెండు, రేపు రెండు. మూడో రోజు వస్తే లవంగం ఉండదు. కాళ్లావేళ్లా పడ్డా ఉండదు. భుజం మీద తువ్వాలు దులుపుకుని, ఆ మనిషి జబ్బ పట్టుకుని, తిన్నగా నా కిటికీ దగ్గరికి తీసుకొచ్చేవాడు.

"సార్, మూడో దినం. చీటీ ఇయ్యుండ్రి."

చీటీ అంటే గేటు పాసు. షిఫ్టు మధ్యలో ఎవరైనా బయటికి వెళ్లాలంటే నేను రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం లేకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ కదలనివ్వడు. షిఫ్టు అయ్యాక పోదామంటే అప్పటికి దవాఖాన మూసేస్తారు. మధ్యలో పోతే ఆ పూట పని పోయినట్టే. అందుకే కాంట్రాక్టు మనుషులు చీటీ అడగరు, నొప్పిని నమిలి మింగుతారు. ఇంక నా సంగతి చెప్పాలి. నాకు ప్రతిదీ రేపటికి వాయిదా వేసే జబ్బు ఉంది. దయ్యం రాకుండా తలుపుల మీద 'రేపు రా' అని రాసుకునేవారు చూడండి, మా వాళ్లు నా కిటికీకి ఆ పేరే పెట్టారు. నా వెనక 'రేపు రా కిటికీ' అనుకునేవారు. నాకు వినబడేది. నేనూ నవ్వేవాణ్ని.

ఆ కిటికీ దగ్గర చాచాకు మాత్రం నా 'రేపు' చెల్లేది కాదు. ఒకసారి ఒడిశా వెల్డరును తీసుకొచ్చాడు. అతని చెంప కొబ్బరికాయంత ఉంది. ఆ రోజు అర్జెంటు పని ఉందనీ, రేపు తప్పకుండా రాసిస్తాననీ అన్నాను. చాచా గరిటె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పది నిమిషాలైంది, కదలడే. లోపల్నుంచి బాలమణి అరుస్తోంది, "చాచా, సాంబారు మాడుతుంది!" అని. "మాడనీ" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. తర్వాత నాతో మెల్లగా, "సాంబార్ మాడితే ఇంకోటి జేస్త సార్. మనిషి మాడితే ఏం జేస్తం?" అన్నాడు. చీటీ రాశాను. ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ అంతా పెరుగన్నం తిన్నారు.

"మీ లవంగంతో తగ్గుతోంది కదా, మరి డాక్టరు ఎందుకు?" అని ఓసారి వాదించాను. అప్పుడు ఆయన చెప్పిన మాట ఫ్యాక్టరీలో చాలామందికి నోటికొచ్చు. "లవంగం మన గేటుకాడ చౌకీదార్ లెక్క సార్. దొంగను జెరసేపు ఆపుతది. పట్టుకపోయి జైల్ల ఏసేది అది కాదు. నొప్పి పండుకుంటది, రోగం పండుకోదు."

నాలుగేళ్ల కిందట నాకే వచ్చింది నొప్పి. కింది దవడలో చివరి పన్ను. నేనూ వెనక తలుపు నుంచే వెళ్లాను, నాలుగు లవంగాలు తెచ్చుకున్నాను. రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు మళ్లీ వెళితే చాచా డబ్బా మూతే తీయలేదు. కాసేపటికి నా కిటికీ దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"ఎవరికి చాచా చీటీ?" అన్నాను.

"మీకే సార్. రాసుకోండ్రి."

"రేపు పోతాలే."

"ఎవ్వని చీటీ వాడు రాసుకోడు సార్, నాకెర్కే. గందుకే వచ్చిన. మీరు రాయకుంటే నేనే ఏలిముద్ర ఏస్త" అని నిజంగానే స్టాంపు ప్యాడు మీద బొటనవేలు పెట్టాడు. నవ్వుతూ రాసుకున్నాను. ఆయన తన పాత మోపెడ్ మీద నన్ను కూర్చోబెట్టుకుని పటాన్‌చెరులో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పంటి వేరు కింద చీము పట్టిందనీ, మంచి పని చేశారనీ ఆ డాక్టరమ్మ అంది. వస్తూ దారిలో చాచా నేను చెప్పలేదా అని ఒక్కసారైనా అనలేదు. అలాంటి మనిషి.

ఇక ఆ గురువారం సంగతి. అది రాయడానికే కూర్చున్నాను, ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

పొద్దున పది గంటలకు చాచా నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. తలకు రుమాలు దవడ కిందుగా చుట్టి కట్టుకున్నాడు. ఆయన రాగానే చీటీల పుస్తకం తెరవడం నాకు అలవాటైపోయింది. పెన్ను తీసి, "ఎవరికి చాచా?" అన్నాను.

"నాకే సార్" అన్నాడు, సగం నోటితో. "ఇయ్యాల మూడో దినం."

అన్నం ఉడికిందో లేదో చూస్తుంటే రాయి తగిలి ఎప్పుడో విరిగిన దవడ పన్ను అది. ఆయనకు షుగరు కూడా ఉంది, అదీ నాకు తెలుసు. ఆయన పేరు రాశాను, నంబరు రాశాను, కారణం రాశాను. అప్పుడే ఫోను మోగింది. మేనేజరు. మా సరుకు కొనే కంపెనీ వాళ్లు పన్నెండు మంది తనిఖీకి వస్తున్నారు, ముత్తంగి దాటారు, మధ్యాహ్నం భోజనం చాచా బిర్యానీయేనని వాళ్లకు చెప్పి ఉంచాను, ఏ లోటూ రాకూడదు అన్నాడు. ఫోను పెట్టేసి పెన్ను కూడా కింద పెట్టాను.

"చాచా, ఈ ఒక్క పూట ఎట్లాగన్నా గడుపు. రేపు పొద్దున్నే నేనే పంపిస్తా. బిర్యానీ నువ్వు లేకపోతే అవదు కదా." ఇంతటితో ఆగినా కాస్త నయంగా ఉండేది. నవ్వుతూ ఇంకో మాట అన్నాను. "అప్పటిదాకా నీ లవంగాలు నీ దగ్గరే ఉన్నాయి కదా!"

ఆయన కాసేపు నిలబడ్డాడు. వెల్డరు కోసం అయితే గరిటెతో నిలబడేవాడు, నా కోసం అయితే వేలిముద్ర వేసేవాడు. సాంబారు మాట అన్నా, చౌకీదారు మాట అన్నా బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆయనకు ఆయన తరఫున మాట్లాడటం రాదు. నాకు అది తెలుసు. ఆయన తరఫున జబ్బ పట్టుకుని తీసుకొచ్చే మనిషి ఇంకొకడు ఉండాల్సింది. ఆ మనిషి నేనే కావాల్సింది, కిటికీకి ఇవతల నేనే ఉన్నాను గనక.

"సరే సార్, మెహమాన్లు పోనీ. రేపే పోత" అని వెళ్లిపోయాడు.

బిర్యానీ బ్రహ్మాండంగా కుదిరింది. వచ్చినవాళ్లు క్యాంటీన్‌లోకి వెళ్లి ఆయనతో ఫోటో దిగారు. ఆయన ఒక్క మెతుకు ముట్టలేదని, నోరు తెరుచుకోవడం లేదని బాలమణి తర్వాత చెప్పింది. నేను మాత్రం తిన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

శుక్రవారం ఆయన రాలేదు. గైర్హాజరు వేస్తూ, డాక్టరు దగ్గరికి పోయి ఉంటాడులే అనుకున్నాను. నా మీది భారం ఒకటి తగ్గినట్టే అనిపించింది. నిజానికి ఆయన ఆ రోజు జ్వరంతో మంచం దిగలేదు. సాయంత్రానికి వాపు దవడ నుంచి మెడకు దిగింది. పట్నంలో పెద్దాస్పత్రికి తీసుకుపోయారు. శనివారం కూతురు ఫోన్ చేసి, పంటి చీము గొంతు చుట్టూ పాకిందట, షుగరు వల్ల మందులకు లొంగడం లేదట, ఊపిరికి గొట్టం పెట్టారట అని చెప్పింది. "రేపు వచ్చి చూస్తానమ్మా" అన్నాను. ఆ రేపు అమీన్‌పూర్‌లో మా బావమరిది కొత్త ఫ్లాటు గృహప్రవేశం. సోమవారం డ్యూటీ. మంగళవారం బాలమణి వచ్చింది.

చిట్కుల్‌లో జనాజాకు మా షిఫ్టు మనుషులు చాలామంది యూనిఫాంల మీదే వచ్చారు. అందరికీ చీటీలు రాసిచ్చాను. అంత వేగంగా చీటీలు రాయడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆ వెల్డరు కూడా వచ్చాడు. అందరిలాగే మూడు పిడికిళ్ల మట్టి వేసి, పక్కకు వెళ్లి కూర్చున్నాడు.

వాళ్లలో మూడో రోజు జియారత్ చేస్తారు, పోయినవాళ్ల కోసం ప్రార్థన. ఆ రోజు వెళ్లాను. ఆయన భార్య, మా అందరికీ చాచీ, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే అంది, "ఆయనకేమైంది సార్ అట్ల? మంది కోసం లడాయి జేసేటోడు గద. బేస్తవారం నాడు వాపు జూసి అడిగిన, చీటీ ఎందుకు తీస్కోలేదని. నేనే అడగలే అన్నడు. అడిగితే మీరు ఇయ్యకపోదురా!"

పక్కన కూర్చున్న పెద్దమనుషులు నాకేసి జాలిగా చూశారు, మీరేం చేస్తారు అన్నట్టు. నేను తల ఊపాను. ఏ అర్థంతో ఊపానో నాకే తెలియదు. అక్కడ పెట్టిన ఖర్జూరం ఒకటి తిని వచ్చేశాను. నా వల్ల పోయిన మనిషి, పోతూ నా పరువు కాపాడి పోయాడు.

నలభయ్యో రోజు వస్తుంది కదా, అప్పుడు చెబుదామనుకున్నాను. అలా అనుకుంటుండగానే నా మీద నాకే అసహ్యం వేసింది. ఇది కూడా రేపే. మొన్న సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా చిట్కుల్ వెళ్లాను. చాచీ ఒక్కతే ఉంది. నిలబడే ఉండి చెప్పాను. ఆయన అడిగాడని, సగం రాసి ఆపానని, లవంగాలు ఉన్నాయి కదా అని నవ్వానని. ఒక్క ముక్క దాచలేదు.

చాచీ చాలాసేపు చేతిలో దస్తీ మడత పెట్టింది, విప్పింది.

"నాకెర్కే సార్" అంది చివరికి. "ముప్పై అయిదేండ్లు కాపురం జేసిన. అబద్ధం జెప్పేటప్పుడు దవడ గోక్కుంటడు. నేనే అడగలే అని జెప్పినప్పుడు గా వాసిన దవడనే గోక్కున్నడు. గంత నొప్పిల."

మరి జియారత్ రోజు అందరిలో అలా ఎందుకన్నారని అడిగాను.

"మీరు జెప్తరేమో సూద్దామని" అంది. కోపంగా అనలేదు. లేచి లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది. క్షమించానని చెప్పలేదు. నేనూ అడగలేదు. కప్పు చేతిలో పెడుతూ, "మీ మీదికి మాట రావొద్దని ఆయన సూసిండు. గదొక్కటి యాదుంచుకోండ్రి" అంది. చాయ్‌లో లవంగం వేసింది. ఆ ఇంట్లో ఎప్పుడూ వేస్తారట.

ఇప్పుడు క్యాంటీన్‌లో లవంగాల డబ్బా బాలమణి దగ్గర ఉంది. వెనక తలుపు నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. నాలుగే ఇస్తుంది. మూడో రోజు జబ్బ పట్టుకుని నా దగ్గరికి తెస్తుంది. ఆమెకు చాచా అంత ఓపిక లేదు. "రాస్తరా, రాయరా?" అంటుంది. ఆమె నోరు విప్పకముందే రాసేస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. వెళ్లాల్సిన మనిషి వెళ్లిపోయాక రాసే చీటీలు ఇవన్నీ.

చీటీల పుస్తకం నిన్నటితో అయిపోయింది. పుస్తకం మార్చేటప్పుడు పాతదాన్ని లెక్క చూసి పైకి పంపాలి. ప్రతి చీటీకీ వరుస సంఖ్య, పుస్తకంలో నకలు ఉంటాయి, వాడనిదాన్ని చింపడానికి లేదు. వాడకుండా వదిలేసినదాని మీద అడ్డంగా గీత కొట్టి 'రద్దు' అని రాయాలి. ఒక్కొక్కటే తిప్పుతూ ఆ గురువారం కాగితం దగ్గరికి వచ్చాను. పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టేశాను. పుస్తకం నా సొరుగులోనే ఉంది.

అందులో ఆయన పేరు ఉంది. నంబరు ఉంది. కారణం అన్న చోట 'పన్నునొప్పి' అని నా చేతిరాతే, తొందరలో కాస్త వంకరగా ఉంది. దాని కింద బయటికి వెళ్లిన సమయం రాసే గడి ఖాళీగా ఉంది.